వెంట నడిచేవాడు శిష్యుడేనా?

నాయకుడెవరి మీదనైనా కేసు పడితే పోలీసులు అదుపులోకి తీసుకునేది ఆయన అనుచరులను. సంగీత విద్వాంసుడెవరైనా కన్నుమూస్తే పత్రికలు పలకరించేది ఆయన శిష్యులను. ఈ రెండు మాటలూ తారుమారు చేసి చూడండి. నాయకుడి శిష్యులు అరెస్టయ్యారంటే ఏదో ఆశ్రమం గొడవ కాబోలు అనుకుంటాం. విద్వాంసుడి అనుచరులు అంటే మాత్రం, పోయినాయన కచేరీలు చేసేవాడా, పంచాయితీలు చేసేవాడా అని అనుమానం వస్తుంది. ఎవరూ పాఠం చెప్పకుండానే ఈ తేడా తెలుగు తెలిసిన ప్రతివాడికీ తెలుసు. అయినా వేదికలెక్కి మాట్లాడేటప్పుడు దాన్ని చెరిపేస్తున్నాం. ఫలానావారు నా రాజకీయ గురువు, ఆయన గీసిన గీత దాటను, ఆయన ఎటు నడిస్తే నేనూ అటే నడుస్తాను, ఎందుకంటే నేను ఆయన శిష్యుణ్ణి అంటారు. వినడానికి వినయంగానే ఉంటుంది. కాని గీత దాటకుండా వెనకాల నడవడానికీ శిష్యరికానికీ సంబంధం తక్కువ. శిష్యుడు అనే మాటలో నడక లేదు. అందులో ఉన్నది నేర్పు, నేర్చుకోవడం. ఈ వాదానికి ఆధారాలు చూపించి, దాని మీద వచ్చే అభ్యంతరాలకు జవాబు చెప్పడమే ఈ ప్రసంగం పని.

ముందు మాట పుట్టుక చూద్దాం. అనుచరుడు, అనుయాయి, అనుగామి అనే మూడింటిలోనూ ‘అను’ ఉంది. వెనుక, వెంబడి అని దానర్థం. తర్వాత వచ్చే ధాతువులన్నీ నడకకు, వెళ్లడానికి సంబంధించినవే. ఈ మాటలు చెప్పేది ఆ మనిషి చేసే పని: వెంట వెళతాడు. శిష్య శబ్దం కుటుంబం వేరు. అది ‘శాస్’ ధాతువు నుంచి వచ్చింది. శాసనం, శాస్త్రం, మన శాసనసభ కూడా ఆ ఇంటివే. ఆ ధాతువుకు నేర్పడం, శిక్షణ ఇవ్వడం, ఆజ్ఞాపించడం అని అర్థాలు. దానికి చేరిన ప్రత్యయం వల్ల శిష్యుడంటే శాసించదగినవాడు, నేర్పవలసినవాడు అవుతాడు. ఇక్కడ కాస్త ఆగాలి. అనుచరుడనే మాటలో బాధ్యత అంతా నడిచేవాడిదే, ముందు పోయేవాడికి ఏ పూచీ లేదు. నేర్పవలసినవాడు అన్నామంటే, నేర్పవలసిన మనిషి ఒకడు ఉండాలి. ఆ పేరు శిష్యుడిదే అయినా, అందులో దాగిన అప్పు గురువుది. నాలుగు దశాబ్దాలు ఒకరిచేత జెండా మోయించి, ఏమీ నేర్పకుండా, అతణ్ణి నా శిష్యుడని చెప్పుకునే పెద్దమనిషి తన బాకీని తానే బయటపెట్టుకుంటున్నాడు.

విద్యార్థికి సంస్కృతంలో ఇంకో పేరుంది, ఛాత్రుడు. ఛత్రం అంటే గొడుగు. గొడుగుకూ చదువుకునే కుర్రాడికీ ఏమిటి సంబంధమని పాణిని సూత్రాలకు వ్యాఖ్య రాసినవాళ్లు తలలు బద్దలు కొట్టుకున్నారు. మహాభాష్యం చెప్పే దారిలో గురువే గొడుగు. శిష్యుణ్ణి కాపాడతాడు, శిష్యుడు ఆ గొడుగును పదిలంగా చూసుకుంటాడు. కాశికావృత్తి ఇంకోలా చెప్పింది: గురువు లోపాలను కప్పేవాడు ఛాత్రుడు. రెండో వివరణ మన రాజకీయ కార్యదర్శులకు బాగా నచ్చుతుంది గాని, అందులో ఒక చిన్న ఒప్పుకోలు ఉందని గమనించండి. గురువుకు లోపాలుంటాయని, అవి శిష్యుడి కంట పడతాయని ఆ వ్యాఖ్యాత ముందే ఒప్పుకున్నాడు. కప్పాలంటే ముందు చూడాలి కదా. చూసినవాటిని అనుకరించమని మాత్రం ఆయన అనలేదు. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో ఇదే సంగతి నేరుగా ఉంది. చదువు ముగించి ఇంటికి వెళ్లే అంతేవాసికి ఆచార్యుడు చేసే ఉపదేశంలో సత్యం, ధర్మం, తల్లిదండ్రులు, అతిథి అన్నీ వస్తాయి. వాటి మధ్యలోనే, మా నడవడిలో మంచివి ఏవో వాటిని మాత్రమే నువ్వు పాటించు, మిగతావి వద్దు అనే హెచ్చరిక కూడా ఉంది. ఏవి మంచివో ఏవి కావో ఎవరు తేల్చాలి? వెళ్లేవాడే తేల్చుకోవాలి. అడుగు జాడల్లో నడిచేవాడికి ఈ పని పెట్టడం కుదరదు, వాడికి ప్రతి అడుగూ ఒకటే. పైగా ఈ మాట చెప్పిన సమయం చూడండి, అది వీడ్కోలు సమయం. స్నాతకుడై వెళ్లిపోవడంతో శిష్యవృత్తికి ఒక ముగింపు ఉంది. అనుచరవృత్తికి అలాంటి ముగింపు ఏ గ్రంథంలోనూ లేదు. అది పదవి పోయినప్పుడో, పార్టీ మారినప్పుడో ముగుస్తుంది.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది, అది బలమైనదే. ఉపనిషత్తులో ఒక వాక్యం చూపించి సరిపెట్టుకోవడమేమిటి, మన కథల నిండా ఉన్నది ప్రశ్నించని విధేయత కాదా అంటారు. గట్టు తెగిన మడిలో నీళ్లు ఆపలేక తానే అడ్డంగా పడుకున్న ఆరుణి కథ చిన్నప్పుడే వింటాం. గురువు చెప్పాడు, శిష్యుడు చేశాడు, అంతే కథ అనుకుంటాం. కాని ఆరుణి కథ సంస్కృత భారతం ఆదిపర్వంలో ఒంటరిగా లేదు. ధౌమ్యుడికి ముగ్గురు శిష్యులు: ఆరుణి, ఉపమన్యువు, వేదుడు. మనం మొదటివాడి దగ్గరే ఆగిపోయి మిగతా ఇద్దరినీ వదిలేశాం. ఉపమన్యువు ఆవులు కాసేవాడు. భిక్ష తినవద్దన్నాడు గురువు, మానేశాడు. పాలు తాగవద్దన్నాడు, మానేశాడు. దూడల మూతి నురుగు కూడా వద్దన్నాడు. ఆకలికి జిల్లేడాకులు తిని కళ్లు పోయి బావిలో పడ్డాడు. ఇంతవరకు ఇది విధేయత కథే, క్రూరమైన కథ కూడా. బావిలో అతడు అశ్వినీ దేవతలను స్తుతిస్తే వాళ్లు వచ్చి ఒక అప్పం ఇచ్చి తినమన్నారు. గురువుకు చూపించకుండా తిననన్నాడు. అప్పుడు వాళ్లు అన్న మాటే ఈ కథకు ప్రాణం: మీ గురువుకూ ఒకప్పుడు ఇలాగే ఇచ్చాం, ఆయన తన గురువుకు నివేదించకుండానే తిన్నాడు, ఆయన చేసినట్టే నువ్వూ చెయ్యి అన్నారు. గురువు అడుగుజాడల్లో నడవమని దేవతలే చెబుతున్నారు! ఉపమన్యువు ఒప్పుకోలేదు. వాళ్లు మెచ్చి చూపు ఇచ్చారు. మీ గురువు పళ్లు ఇనుపవి, నీవి బంగారువి అవుతాయని కూడా అన్నారు. గురువు ఎలా ప్రవర్తించాడనే దాన్ని పక్కన పెట్టి, గురువు దగ్గర నేర్చిన ధర్మాన్ని పట్టుకున్నాడు కాబట్టే అతడు మంచి శిష్యుడు.

మూడోవాడు వేదుడి కథ ఇంకా చిన్నది. నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది అదే. అతడు ఎన్నో ఏళ్లు గురువింట ఎద్దులా బరువులు మోశాడు, చలికీ ఎండకీ ఆకలికీ దప్పికకీ ఓర్చాడు, ఎదురు చెప్పలేదు. చదువు పూర్తిచేసి, పెళ్లి చేసుకుని, తానూ గురువయ్యాడు. అతడి దగ్గరికీ ముగ్గురు శిష్యులు వచ్చారు. గురుకుల వాసంలో దుఃఖం ఎలా ఉంటుందో తెలిసినవాడు గనక వాళ్లను కష్టపెట్టడానికి ఇష్టపడలేదని, ఫలానా పని చెయ్యండని గాని, సేవ చెయ్యండని గాని అడగలేదని భారతం చెబుతుంది. ధౌమ్యుడి పరంపర ఇక్కడ తెగిందా, కొనసాగిందా? వెంట నడవడమే కొలత అయితే తెగినట్టే. గురువు పద్ధతిని శిష్యుడు పక్కన పెట్టేశాడు. విద్యే కొలత అయితే కొనసాగింది. కథకుడు అతణ్ణి ద్రోహి అనలేదు, మంచి శిష్యుల వరసలోనే నిలబెట్టాడు. అత్తగారు పెట్టిన బాధలే కోడలికి పెట్టడం ఆచారం అనుకునే చోట, సీనియర్లు ఏడిపించారు గనక జూనియర్లను ఏడిపించడం హక్కు అనుకునే హాస్టళ్లలో, వేదుడి పేరు ఇంత తక్కువగా వినపడటం ఆశ్చర్యమేమీ కాదు.

కథలు పక్కన పెట్టి సంగీతంలోకి వద్దాం. అక్కడ పరంపరకు లెక్కాజమా ఉంటుంది. త్యాగరాజు శిష్యుల్లో మానాంబుచావడి వెంకటసుబ్బయ్య ఒకరు. ఆయన దగ్గర నేర్చుకుని ఆ బాణీని ఆంధ్రదేశానికి తెచ్చినవారు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. పంతులుగారి శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. అంటే బాలమురళి నుంచి లెక్కపెడితే నాలుగు మెట్లలో త్యాగరాజు దగ్గరికి చేరతాం. అంత దగ్గరి పరంపరలో ఉన్న మనిషే నాలుగు స్వరాలతో లవంగి, మహతి, మూడే స్వరాలతో సర్వశ్రీ కల్పించాడు. ఇవి రాగాలే కావని, ఇది సంప్రదాయ విరుద్ధమని వీణ విద్వాంసుడు ఎస్. బాలచందర్ వంటివారు గట్టిగా వాదించారు. ఆ సంగీతపు తగవు తీర్చడం ఇక్కడ నా పని కాదు. కాని శిష్యుడు కాడు అని బాలమురళిని ఎవరూ అనలేకపోయారు, కారణం పాఠం ఆయన గొంతులో ఉంది. కర్ణాటక సంగీతంలో పాఠాంతరం అనే మాట ఊరికే పుట్టలేదు. త్యాగరాజు కీర్తన ఒకటే, వాలాజాపేట శిష్యుల దగ్గర ఒక రకంగా, ఉమయాళ్పురం వారి దగ్గర ఇంకో రకంగా, తిల్లైస్థానం వారి దగ్గర మరో రకంగా నిలిచింది. అందరూ ఆయన దారిలోనే పోయినవాళ్లయితే ఈ మూడు దారులు ఎక్కడివి? ఒకే నోటి నుంచి విన్న పాఠం మూడు గొంతుల్లో మూడు తీరులుగా స్థిరపడటాన్ని సంగీతలోకం తప్పుగా చూడలేదు, దానికి ఒక గౌరవమైన పేరు పెట్టుకుంది.

తెలుగు నుడికారం కూడా ఇదే సాక్ష్యం చెబుతుంది. గురువును మించిన శిష్యుడు అంటాం. అది మెప్పు, ఒక్కోసారి ఎత్తిపొడుపు కూడా. కాని నాయకుణ్ణి మించిన అనుచరుడు అని ఎవరైనా మెచ్చుకోగా విన్నారా? వెనక నడిచేవాడు మించితే ఇక వెనక లేడు, అందుకని ఆ మాటే పుట్టలేదు. కొడుకు చేతిలో, శిష్యుడి చేతిలో ఓడిపోవాలని కోరుకోమని పెద్దలు చెప్పే మాటా ఇక్కడిదే. మరి అచ్చంగా వెంట నడిచే శిష్యుల సంగతేమిటి? వాళ్లకూ మన దగ్గర కథ ఉంది, అది హాస్యకథ. పరమానందయ్య శిష్యులు గురుభక్తిలో ఎవరికీ తీసిపోరు. చెప్పింది చెప్పినట్టు చేస్తారు, అందుకే నవ్వు. వీళ్లకు తమిళంలో దగ్గరి చుట్టాలున్నారు, పద్దెనిమిదో శతాబ్దంలో వీరమామునివర్ అని పేరుపొందిన బెస్కీ పాదరీ రాసిన పరమార్థ గురువు శిష్యులు. గుర్రం మీద నుంచి ఏం పడినా ఎత్తమంటే లద్దె కూడా ఎత్తుతారు. ఇలా కాదని ఎత్తవలసినవాటి జాబితా గురువు రాసిస్తాడు. తర్వాత గురువే గుర్రం మీద నుంచి పడతాడు. జాబితాలో గురువు పేరు లేదు! అది రాసిచ్చేదాకా శిష్యులు ఆయన్ను ఎత్తరు. విధేయతకు ఇంతకంటే పరాకాష్ఠ ఉండదు. దాన్ని మన పల్లెలు ఆదర్శమని కాక వెక్కిరింతగా చెప్పుకున్నాయి.

రెండో అభ్యంతరం మరోవైపు నుంచి వస్తుంది. గొప్ప ఆశయాన్ని, గొప్ప మనిషిని అనుసరించడంలో తప్పేముంది, అనుయాయులు లేకుండా ఏ ఉద్యమమైనా నడిచిందా అంటారు. తప్పు లేదు, నడవదు కూడా. ఉప్పు సత్యాగ్రహంలో ప్రతివాడూ నిలబడి తర్కించి ఉంటే దండి చేరేవాళ్లు కాదు. అనుచరుడనే మాట తిట్టుగా మారింది మన కాలంలో. దానికి పూర్వం అంత అవమానం లేదు. నేను అంటున్నది ఆ రెండు పనులూ వేరని మాత్రమే. గాంధీగారికి లక్షలాది అనుయాయులున్నారు. అయినా గాంధీయిజం అనేదేదీ లేదని, తన పేరుతో ఒక శాఖను వదిలి వెళ్లడం తనకు ఇష్టం లేదని ఆయన 1936లో చెప్పారు. మరి ఆయన దగ్గర శిష్యరికం చేసినవాళ్లు ఎలాంటివాళ్లు? గోపరాజు రామచంద్రరావును, అంటే మన గోరాను చూడండి. ఆయన నాస్తికుడు, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన మనిషి. దేవుడి పేరు ఎత్తకుండా దినం గడవని గాంధీ దగ్గరికి సేవాగ్రామం వెళ్లి, అస్పృశ్యత పోవాలంటే నాస్తికత్వమే దారి అని వాదించాడు. గాంధీ వెళ్లగొట్టలేదు, తానూ మారలేదు. గోరా కుమార్తెకు దళిత యువకుడితో ఆశ్రమంలో పెళ్లి జరిపించడానికి ఒప్పుకుని, తంతులో దేవుడి పేరు చెప్పవలసిన చోట సత్యం పేరు చెబుదామన్నారు. ఆ పెళ్లి 1948 మార్చిలో, గాంధీ పోయిన తర్వాత, సేవాగ్రామంలోనే జరిగింది. గాంధీ నమ్మిన పెద్ద విషయంలో గోరా ఆయన వెంట ఒక్క అడుగూ వేయలేదు. గాంధీ నేర్పిన పని మాత్రం గోరా దగ్గర ఉన్నంత గట్టిగా, గాంధీ టోపీ పెట్టుకుని గాంధీ మాటే వల్లించిన చాలామంది దగ్గర లేదు. శిష్యుడు అనే మాట ఎవరికి చెందుతుంది? నాకు సందేహం లేదు.

మూడో అభ్యంతరానికి నా దగ్గర సులువైన జవాబు లేదు. ఈ శిష్యుడనే మాటను ఇంత ఎత్తున నిలబెడుతున్నారు, అసలు ఆ మాట ఎవరికి దొరికింది అని అడుగుతారు. నిషాదుడి కొడుకని ఏకలవ్యుణ్ణి ద్రోణుడు తిప్పి పంపాడు. నేర్పనివాడు నేర్పినవాడికి దక్కే దక్షిణ అడిగాడు, కుడిచేతి బొటనవేలు తీసుకున్నాడు. ఇందాక చెప్పిన అప్పు లెక్క ఇక్కడ పూర్తిగా తలకిందులైంది. ఇవ్వవలసినవాడే వసూలు చేశాడు. ఉపనయనం గడప దగ్గరే ఎన్నో కులాలను, దాదాపు ఆడవాళ్లందరినీ ఆపేసిన చరిత్ర ఆ మాట వెనక ఉంది. దాన్ని కాదనలేం. అయితే ఆ గడప ఒక్కటే మన నేల మీద ఉండేదని కూడా అనలేం. సుమారు రెండు వేల ఏళ్ల కిందటి అమరావతి స్తూపం ప్రాకృత శాసనాల్లో అంతేవాసులతోబాటు అంతేవాసినులు కూడా కనిపిస్తారు. భిక్షుణులు తాము ఫలానావారి శిష్యురాళ్లమని రాళ్ల మీద పేరు చెక్కించుకున్నారు. అక్కడే పూర్ణఘటం చెక్కిన పలకను దానమిచ్చిన ఒక చర్మకారుడున్నాడు, పేరు విధికుడు. అతడి తండ్రి నాగుడికి శాసనంలో ఉన్న బిరుదు ఉపాధ్యాయుడు. చెప్పులు కుట్టే ఇంట్లో పాఠం చెప్పే తండ్రి! కృష్ణ ఒడ్డున కొంతకాలమైనా ఆ మాట తలుపులు తెరుచుకుని ఉన్నాయి. తర్వాత మూసినవాళ్లు మూశారు. మూసిన తప్పు మాటది కాదని చెప్పి తప్పించుకోను. మూసినవాళ్లను నిలదీయడానికి కొలతబద్దగా ఆ మాటే పనికొస్తుందని మాత్రం అంటాను. ద్రోణుణ్ణి తప్పుపట్టడానికి మనకు దొరికే ఆధారం, శిష్యుడంటే నేర్పవలసినవాడు అన్న ఆ అర్థమే.

ఇక చివరి అభ్యంతరం భాషది. మాటల అర్థాలు మారతాయి, జనం వాడిందే అర్థం, ధాతువులు తవ్వి జనాన్ని దిద్దడం పండితుల పాత జబ్బు అంటారు. నిజమే, వాడుకే పెద్ద. అభిమానం సంస్కృతంలో గర్వం, తెలుగులో ప్రేమ. దాన్ని ఎవరూ వెనక్కి తిప్పలేరు, తిప్పనక్కర్లేదు. అయితే శిష్యుడి విషయంలో జనవాడుక నా వైపే ఉంది. ఫోన్లలో ఒకరి రాతలను, వీడియోలను వరసగా చూసేవాళ్లకు తెలుగువాళ్లు ఫాలోయర్లు అనే అరువు మాటనే ఉంచేశారు. లక్షమంది శిష్యులున్నారని ఏ సినిమా నటుడూ చెప్పుకోడు, చెప్పుకుంటే నవ్వుతారు. అదే ఫోన్లో ఎవరో విద్వాంసుడి పాఠాలు వింటూ, ఆయన ముఖం ఎదురుగా ఎన్నడూ చూడకుండా మృదంగమో చిత్రలేఖనమో నేర్చుకున్నవాడు మాత్రం నేను ఆయనకు ఏకలవ్య శిష్యుణ్ణి అంటాడు. ఆ మాటకు ఎవరూ నవ్వరు. ద్రోణుడు ఇవ్వనన్న పేరును తెలుగు జనం ఏకలవ్యుడికి ఇచ్చేసి, పైగా ఆయన పేరు మీద ఒక శిష్యజాతినే కల్పించుకున్నారు. ఆ పేరు రావడానికి గురువు ఒప్పుకోవాలనే షరతు గాని, వెంట తిరగాలనే షరతు గాని పెట్టలేదు. విద్య వచ్చి ఉండాలి, అంతే. బొటనవేలు అడిగే హక్కు మాత్రం ఆ పేరుతోపాటు ఏ గురువుకూ రాసివ్వలేదు.